ఆడకుండా కప్పు ఇవ్వని పెద్దాయన

"కప్పు ఇచ్చేయండి అన్నయ్యగారూ. టైముకి రాలేదు కాబట్టి వాళ్లు ఓడిపోయినట్టే. ఆ ముక్క ఫోను చేసి అవతలికి చెప్పేస్తే పిల్లలు ఇంక పడవ ఎక్కరు."

"ఎక్కుతారు చెల్లెమ్మా. ఆ ముక్క చెబితేనే ఎక్కుతారు."

"ఒక ఇత్తడి చెంబు కోసం వరద గోదాట్లో పడి వస్తారా?"

"చెంబు కోసం కాదు. రాలేదు అన్న మాట పడకుండా ఉండటం కోసం."

"ఆ మాట అంత పెద్దదని వాళ్ల బుర్రల్లో పెట్టిందెవరండీ?"

"నేనే."

"మరి?"

"అదే ఆలోచిస్తున్నాను. కాసేపు అరవకండి."

నన్ను అరవొద్దని అన్న మగవాడు మా ఊళ్లో ఆయనొక్కడే. మా వారు కూడా అనలేదు. ఇంకొకరైతే ఆ మాటకి జవాబు వేరేగా ఉండేది. ఆ వేళ మాత్రం నోరు మూసుకున్నాను. ఎందుకంటే అవతలి ఒడ్డున పడవ ఎక్కబోతున్న పిల్లల్లో మా మనవరాలు లావణ్య ఉంది. మా అమ్మాయిని లంకలో ఇచ్చాం. మా ఊరికీ ఆ లంకకీ మధ్య గౌతమి పాయ. మామూలు రోజుల్లో ఇంజను పడవ మీద వక్క నమిలేలోపు దాటేస్తాం. ఆ వేళ ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పొద్దున్నే టీవీలో చెప్పారు. నీళ్లు ఎర్రగా, నురగతో, చెట్ల మొదళ్లు ఈడ్చుకుంటూ పోతున్నాయి. మా కళ్లంలో ఫుట్‌బాల్ ఫైనల్. మా వీధి పిల్లలు బూట్లు కట్టుకుని నిలబడ్డారు. లంక పిల్లలు రాలేదు, అవతలి రేవులో పడవ చుట్టూ చేరారని పడవ నడిపే సరంగు ఫోనులో చెప్పాడు. మా అమ్మాయి ఫోను పలకడం లేదు.

మొన్న ఆదివారం ఆయన పోయారని యానాం నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో కునుకు తీశారట. కాఫీకి లేపబోతే లేవలేదట. మంచాన పడలేదు, ఒకరి చేత చేయించుకోలేదు. విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. అంత శుభ్రమైన మనిషికి అంత శుభ్రమైన చావు దొరికింది కదా అని. తరువాత కూరలు తరుగుతూ కూర్చుంటే మొదట గుర్తొచ్చినవి పైన రాసిన మాటలే. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పెద్ద రాతలు రావు. ఆయన్ని చూసిన వాళ్లు తక్కువైపోతున్నారని, చూసినంత వరకు రాస్తున్నాను.

ఆయనకి పేరుంది. ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. యానాం ఆయన అనేవారు. ఆయన కూతురు మా హైస్కూల్లో టీచరమ్మగా వచ్చినప్పుడు ఆవిడతో వచ్చి, ఆవిడకి బదిలీ అయ్యేదాకా మా ఊళ్లో ఉన్నారు. ఎప్పుడూ ఇస్త్రీ పాంటు, గుడ్డబూట్లు, చేతిలో గొడుగు. వానాకాలం తారురోడ్డు మీద నడిచినా, బురద గట్టు మీద నడిచినా ఆ పాంటు అంచుకి మరక ఉండేది కాదు. ఎలా నడుస్తారో అని రెండు మూడుసార్లు వెనక నుంచి చూశాను కూడా. కొంగలా నడిచేవారు. పొద్దున్న కాఫీలో రొట్టె ముంచుకుని తినేవారు. ఇడ్లీ పెడితే దాన్ని కూడా ముంచుతారేమోనని మా కోడలు భయపడింది.

ఆయన చిన్నప్పుడు యానాం ఫ్రెంచి వాళ్లది. ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. ఆ బళ్లో మనిషి కనబడగానే చెయ్యి కలపాలట, వెళ్లేటప్పుడు మళ్లీ కలపాలట. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నా ముందు కూడా చెయ్యి చాచారు. నేను రెండు చేతులూ కొంగు కింద పెట్టేసుకున్నాను. ఆయనకి వెంటనే తెలిసింది. చాచిన చేతిని మధ్యలోనే తిప్పి రెండో చేతితో కలిపి నమస్కారం చేశారు. ఆ తరువాత ఎన్నేళ్లు ఎన్నిసార్లు కలిసినా అంతే. చెయ్యి సగం దాకా వచ్చేది, ఏదో గుర్తొచ్చినట్టు ఆగేది, నమస్కారం అయ్యేది. మానుకోలేకపోయారు. నేనూ మానుకోండి అనలేదు.

ఆ మొదటిసారి వచ్చింది బంతి కోసం. మా ఇంటి పక్కన కళ్లం ఉంది. కోత మిషన్లు వచ్చాక కళ్లంలో కుప్పలు వెయ్యడం, నూర్చడం పోయింది. ఖాళీగా ఉంటే పిల్లలు చేరారు. వాళ్లని ఆడిస్తూ ఈయన చేరారు. బంతి వచ్చి నా ఆనప పాదు మీద పడింది. పందిరి గుంజ విరిగింది. పిందెలు రాలాయి. బంతి తీసుకెళ్లి ధాన్యం గదిలో పెట్టి తాళం వేశాను.

"బంతి ఇప్పించండి చెల్లెమ్మా," అన్నారు.

"పందిరి ఇప్పించండి," అన్నాను.

"అలాగేనండి," అని వెళ్లిపోయారు. మాటకి అన్నారనుకున్నాను. తెల్లారేసరికి సరుగుడు గుంజలు మోయించుకొచ్చి, పాంటు మడిచి, పందిరి మళ్లీ కడుతున్నారు. మా పాలేరు కట్టిన దానికంటే గట్టిగా కట్టారు. మిగిలిన గుంజలు రెండు వైపులా పాతి గోలు స్తంభాలు చేసుకున్నారు. నేను బంతి ఇచ్చాను. కళ్లం కూడా ఇచ్చినట్టే అయింది, ఎప్పుడిచ్చానో నాకే తెలియదు. నా షరతులు నావి. పిడకలు తొక్కకూడదు. పాదు మీద పడ్డ బంతి సాయంత్రం దాకా నాది. మంచినీళ్లు తప్ప ఏమీ అడగకూడదు. గీతలు గియ్యడానికి ముగ్గు కావాలన్నారు. బియ్యప్పిండి నేలపాలు చెయ్యడం నాకు చేతకాదని చెప్పి, ఇటుక బట్టీ దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊక బూడిద చూపించాను. అప్పటి నుంచి మా కళ్లంలో గీతలన్నీ ఊక బూడిదవే. వాన పడితే పోయేవి. ఆయన మళ్లీ గీసేవారు. పంచాయతీ వాళ్లు సున్నం ఇస్తామన్నా వద్దన్నారు. బూడిద కంట్లో పడినా మండదు, సున్నం మండుతుంది అన్నారు. నేను ఖర్చు లేదని చూపించాను. ఆయన పిల్లల కళ్లు చూశారు.

మా అరుగు మీద కూర్చుని ఆయన చెప్పే కథ ఒకటే. ఫ్రెంచి దేశంలో మొట్టమొదట జరిగిన ఫుట్‌బాల్ పోటీల కథ. చూసొచ్చినట్టే చెప్పేవారు. చూసింది ఆయన కాదు. యానాంలో ఆయనకి చదువు చెప్పిన ముసలి ఫాదరీ గారు, తన చిన్నతనంలో ఆ దేశంలో ఉండగా చూసినవీ విన్నవీ చెబితే, ఈయన విన్నారు. ఈయన చెబితే మేం విన్నాం. రెండు నోళ్లు మారినా ఆ కథలో మనుషులకి చెమట ఆరలేదు.

మొదట్లో పోటీలో ఉన్నవన్నీ పారిస్ నగరం జట్లేనట. వాటిల్లో గట్టి జట్లు అక్కడ ఉద్యోగాలు చేసుకునే ఇంగ్లీషు వాళ్లవట. ఆట వాళ్లది కదా, వాళ్లే గెలిచేవారట. తరువాత తరువాత బయటి ఊళ్ల జట్లూ చేరాయట. సముద్రం ఒడ్డున ఓడరేవు ఊరి జట్టొకటి, ఉత్తరాన ఉన్ని మిల్లులున్న ఊరి జట్టొకటి. అందరూ గుమాస్తాలు, కొట్లలో పనివాళ్లు, చదువుకునే కుర్రాళ్లు. ఎవరికీ జీతం లేదు. జీతం తీసుకుని ఆడితే పోటీలోంచి తీసేసేవారట.

"జీతం లేకపోతే మరి బూట్లు ఎవరు కొన్నారండీ?" అని అడిగాను.

"ఎవరివి వాళ్లే కొనుక్కున్నారు."

"రైలు టిక్కెట్లు?"

"అవీ అంతే."

"అయితే పిచ్చివాళ్లు."

"అవును చెల్లెమ్మా. మీరు కళ్లం ఊరికే ఇచ్చారు చూడండి, అలాంటి పిచ్చే."

నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. అలాంటి మాటలకి నేను నవ్వను. నవ్వితే అలుసు.

మా దగ్గర పోటీ మొదలుపెట్టినప్పుడు ఆ జట్ల లెక్కనే నాలుగు జట్లు చేశారు. రైసు మిల్లు వెనక వీధి పిల్లలు ఉన్ని మిల్లులు. పక్క ఊరి పిల్లలు, రోజూ కాకినాడ బస్సెక్కి కాన్వెంటుకి వెళ్లేవాళ్లు, పారిస్. చుట్టూ నీళ్లున్నాయి కాబట్టి లంక పిల్లలు ఓడరేవు. మా వీధి వాళ్లకి ఇంగ్లీషు దొరలు మిగిలింది. పోటీ జెండా పండగకి ముగిసేలా పెట్టేవారు. మొదటి ఏడు మా వీధే గెలిచింది. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసిన సర్పంచి గారు మైకు పట్టుకుని, "ఇంగ్లీషు దొరలకి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. మైకు చేత్తో మూసి, "ఇదేంటండీ, ఇవాళ ఈ మాట నేనెలా అనేది?" అని ఈయన్ని అడిగారు. "కప్పు వాళ్లకిచ్చి పంపించేస్తే సరి, ఈసారి పోతారు," అన్నారు ఈయన. జనం నవ్వారు. కప్పు అంటే ఈయన వాళ్లమ్మ గారి ఇత్తడి మరచెంబు. గెలిచిన ఇంట్లో ఏడాది ఉంటుంది. చింతపండుతో తోమి తెల్లారి ఎండలో పెట్టి మెరిపించి ఇవ్వాలి. నా చేత కూడా తోమించారు.

లంకలో మగపిల్లలు జట్టుకి సరిపోలేదు. ఆడపిల్లలని కలుపుకోమన్నారు. మా అబ్బాయి సూరిబాబు, మా వీధి జట్టుకి పెద్ద తనే, "రూల్సులో లేదు కదండీ," అన్నాడు.

"పారిస్‌లో మనుషులు చాలక ఇంగ్లీషు వాళ్లని కలుపుకోలేదా?"

"అది వేరండీ."

"వేరే. మీ మేనకోడలు నీ కొడుకు కొట్టిన బంతి పట్టుకుంటుందని కదా నీ భయం?"

నిజంగానే పట్టుకుంది. లావణ్య గోలు దగ్గర నిలబడితే తాటిచెట్టు నిలబడినట్టే. ఆ పిల్లకి నా ఒడ్డూ పొడుగూ వచ్చింది, మొండితనం కూడా.

ఆయన దగ్గర రెండు పట్టుదలలుండేవి. ఒకటి, ఆట సమానంగా ముగిస్తే ఒక్కొక్కడి చేత బంతి తన్నించి తేల్చడానికి ఒప్పుకునేవారు కాదు. ఫ్రెంచి వాళ్ల మొదటి పోటీలో ఫైనల్ సమానమైతే ఇంకోరోజు మళ్లీ ఆడించారట. మళ్లీ ఆడాలి, అంతే. రెండోది, అవతలి వాళ్లు రాలేదని ఇవతలి వాళ్లకి గెలుపు ఇచ్చేవారు కాదు. దాన్ని వాకోవర్ అంటారట. ఆ మాట అనేటప్పుడు చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టేవారు.

దానికి కారణం ఫాదరీ గారు. ఆయనది ఆ ఓడరేవు ఊరు. ఒక ఏడు వాళ్ల జట్టు చివరిదాకా వచ్చింది. పారిస్ జట్టు ఏదో తగువు పెట్టుకుని ఆడనంది. ఆడకుండానే ఓడరేవుని ఛాంపియన్ అన్నారు. ఊళ్లో అందరూ సంబరపడ్డారట. చిన్నపిల్లవాడైన ఫాదరీ గారు మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయారట. ఆట చూద్దామని వారం నుంచి ఎదురుచూసినవాడికి గెలిచామన్న కబురు ఎందుకు? మరుసటి ఏడు అదే పారిస్ జట్టుతో ఆడి గెలిచారట. "అప్పుడు అన్నం తిన్నాను," అని చెప్పేవారట ఫాదరీ గారు, డెబ్భై ఏళ్లు దాటాక కూడా.

ఈ కథ మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పారంటే, రాలేదు అనిపించుకోవడం దొంగతనం కంటే హీనమని వాళ్లు నమ్మేశారు. ఒకసారి ఊడుపుల రోజుల్లో ఉన్ని మిల్లుల పిల్లలు నారు మోయడానికి మా చేలోకి వచ్చారు. ఆట టైమైంది. పని అవలేదు. పారిస్ పిల్లలు కళ్లంలో కాచుకుని కూర్చున్నారు. ఈయన వాళ్లని వెంటబెట్టుకుని చేలోకి వచ్చి, "వీళ్ల పని అయితేగాని మీ ఆట లేదు. దిగండి," అన్నారు. కాన్వెంటు పిల్లలు మేజోళ్లు విప్పి దిగారు. రెండు జట్లూ నారు కట్టలు అందించుకున్నాయి. చెరువు గేదెల్లా బురద పూసుకుని వెళ్లి ఆడారు. పని త్వరగా అయింది, నాకేం నష్టం లేదు. కుండెడు మజ్జిగ పంపించాను. ఉప్పు వేసి మరీ పంపించాను.

అలాంటి మనిషి ముందు ఆ వేళ నేను నిలబడి, కప్పు ఇచ్చెయ్యమని అడుగుతున్నాను.

సూరిబాబు వచ్చాడు. "అమ్మ చెప్పింది రైటేనండి. వాళ్లు రాలేదు, మేం వచ్చాం. మాకు ఇచ్చేస్తే గొడవ వదిలిపోద్ది."

"నీ మేనకోడలి సంగతి నీకు తెలుసా సూరిబాబూ? కప్పు మీకిచ్చేశానని వింటే ఆ పిల్ల ఏం చేస్తుంది?"

తెలుసు వాడికి. కప్పు పోయిందని విన్న మరుక్షణం అది జట్టుని పడవ ఎక్కించి, వచ్చాం, ఎలా ఇచ్చేస్తారు అని అడగడానికి బయల్దేరుతుంది.

"పోనీ రేపు ఆడదామని చెప్పండి," అన్నాను.

"మీ వాళ్లు వచ్చి నిలబడ్డారని, తామే రాలేదని వాళ్లకి తెలిసిపోతుంది కదా. రేపటి దాకా ఆ మాట మొయ్యరు. ఇవాళే వచ్చి దింపుకోవాలనుకుంటారు."

"అయితే మా వాళ్లు కూడా రాలేదని చెప్పండి."

"అబద్ధం చెప్పనా?"

"పిల్లల ప్రాణాలకంటేనా?"

"అబద్ధమని తెలిస్తే నమ్మరు చెల్లెమ్మా. లావణ్య మిమ్మల్ని ఒట్టు వెయ్యమంటుంది. మీరు వేస్తారా?"

నేను దొంగ ఒట్టు వెయ్యను. ఆ సంగతి లావణ్యకి తెలుసు. ఈయనకీ తెలుసు.

గొడుగు ముడిచి నేలకి ఆనించి, బూడిద గీత కేసి చూస్తూ నిలబడ్డారు. ఏటిగట్టు మీద నుంచి నీళ్ల చప్పుడు వినబడుతోంది. మామూలుగా మా ఇంటి దాకా ఆ చప్పుడు రాదు. ఇంతలో ఆయన తలెత్తి, "సూరిబాబూ, మీ పిల్లల్ని ఇంటికి పంపించెయ్," అన్నారు.

"అదేంటండీ?"

"బూట్లు విప్పించి పంపించెయ్. గ్రౌండులో ఒక్కడు కూడా ఉండకూడదు."

"మేం వెళ్లిపోతే మేం కూడా రానట్టే అవుద్ది కదండీ."

"నాకు కావలసింది అదే."

పిల్లలు గోల పెట్టారు. చేతికొచ్చిన కప్పు. చూడటానికి వచ్చిన పెద్దవాళ్లూ గొణిగారు. సూరిబాబు కొడుకు నేల మీద కూర్చుండిపోయి, "మేం టైముకొచ్చాం, మేమెందుకు పోవాలి?" అని మొండికేశాడు. వాడి మాటలో తప్పు లేదు. ఆయన వాడి ముందు గొంతుక్కూర్చుని, "అవతల మీ వదిన నావలో కాలు పెట్టి ఉందిరా. నువ్వు ఇక్కడ ఉన్నంతసేపూ ఆ కాలు తీయదు," అన్నారు. వాడు బూటు తాడు విప్పుకోవడం మొదలుపెట్టాడు. మిగతా వాళ్లు ఇంకా కదల్లేదు. అప్పుడు నేను దడి లోంచి కర్ర పీకాను.

"కళ్లం నాది. ఖాళీ చెయ్యండి."

చేశారు. ఆయన గీత అవతలికి వెళ్లి నిలబడ్డారు. "మీరు కూడా బయటికి రండి," అన్నారు నాతో. నేను ఆటగత్తెనా ఏంటి అనుకుంటూనే వెళ్లి పక్కన నిలబడ్డాను. కళ్లంలో ఇప్పుడు నిజంగా ఎవరూ లేరు. గోలు కింద పడుకునే కుక్కని కూడా సూరిబాబు తోలేశాడు.

ఫోను మా ఇంటి దగ్గర అందలేదు. గట్టు ఎక్కాం. ఆయన కొంగ నడక ఆ వేళ మరిచిపోయారు. పాంటు మోకాళ్ల దాకా బురద. అవతలి ఒడ్డు మసకగా కనబడుతోంది, మనుషులు కనబడటం లేదు. పడవ సరంగుకి చేశారు. మోగి ఆగిపోయింది. మళ్లీ చేశారు. నేను ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుకున్నాను. ఏం ఇస్తానన్నానో రాయను, తీర్చేశాను.

సరంగు ఎత్తాడు. ఆయన ఫోను స్పీకర్లో పెట్టారు.

"ఏంటి బాబూ, బయల్దేరారా?"

"నేనెక్కడ బయల్దేరతానండి బాబూ, ఈ నీళ్లలో. ఈళ్లే ఎక్కి కూకున్నారు. దిగమంటే దిగట్లేదు. ఇంజను నువ్వు తిప్పకపోతే మేం తిప్పుకుంటాం అంటన్నారు. ఈ పిల్ల మీ ఊరి మనవరాలేగా, మీరే చెప్పండి."

లావణ్య గొంతు వినబడింది. రొప్పుతోంది. "తాతగారూ, వచ్చేస్తున్నాం. వాకోవర్ ఇవ్వకండి. ప్లీజ్ అండి."

"ఎవరికివ్వనమ్మా? గ్రౌండులో ఎవరూ లేరు."

ఫోనులో నీళ్ల హోరు వినబడింది.

"దొరలు రాలేదా?"

"ఒక్కడు కూడా లేడు. ఇప్పుడే చూసి వస్తున్నాను."

"అమ్మమ్మకి ఇవ్వండి."

ఫోను నా చేతికొచ్చింది. రెండు చేతులతో పట్టుకున్నాను.

"అమ్మమ్మా, నిజంగా ఎవరూ లేరా?"

"లేరే. కుక్క కూడా లేదు."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు. కళ్లం ఖాళీ."

"అయితే భయపడ్డారు వాళ్లు."

"అలాగే అనుకో. దిగు."

"మరి కప్పు?"

ఆయన వంగి ఫోను దగ్గర నోరు పెట్టి, "ఇద్దరూ రాలేదు కాబట్టి సమానం. సమానమైతే ఏం చెయ్యాలి?" అన్నారు.

"మళ్లీ ఆడాలి."

"నీళ్లు తీశాక. ఇప్పుడు అందరూ దిగి ఇళ్లకి పొండి."

అవతల ఏదో గుసగుస. ఎవడో ఒకడు "దొరలు పిరికోళ్లెహె" అన్నాడు. పలకల మీద కాళ్ల చప్పుళ్లు వినబడ్డాయి, ఒకదాని వెనక ఒకటి. సరంగు మళ్లీ ఫోను తీసుకున్నాడు. "దిగేరండి బాబూ. అందరూ దిగేరు. పడవ కట్టేత్తన్నాను."

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. తడి గడ్డి, కొత్త చీర, ఏదీ చూసుకోలేదు. ఆయన కూర్చోలేదు. నిలబడి చాలాసేపు నీళ్లకేసి చూశారు. తరువాత నా వైపు చెయ్యి సగం చాచారు. నమస్కారం చెయ్యడానికి కాదు, నన్ను లేపడానికి. నేను పట్టుకుని లేచాను. పొడి చెయ్యి, గట్టిది.

"మీ పిల్లల్ని పిరికివాళ్లని చేశాను," అన్నారు.

"రేపెప్పుడో ఆడి తుడుచుకుంటారు లెండి," అన్నాను.

"నేనా కథ ఇంకోలా చెప్పాల్సిందేమో చెల్లెమ్మా ఇన్నాళ్లూ."

"ఏం అక్కర్లేదు. రావాలని చెప్పారు. రాకూడని రోజు కూడా ఒకటుంటుందని ఇవాళ చెప్పారు. పదండి, చీకటి పడితే గట్టు జారుతుంది."

ఇంటికొచ్చేసరికి సూరిబాబు కొడుకు మా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. దిగిందా అని అడిగాడు. దిగింది అన్నాను. మరి నన్నేమంది అన్నాడు. భయపడ్డావని అంది అన్నాను. వాడు సరే అన్నాడు. ఆ సరే అన్నందుకు వాడిని దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మన్నాను.

మర్నాడు పొద్దున్న రెండో హెచ్చరిక ఎగరేశారు. లంకలో వాళ్లని తరలించడానికి గవర్నమెంటు పెద్ద లాంచీ వేసింది. ఒడ్డున ఊరంతా చేరింది. ఆయన ఉతికిన పాంటు వేసుకుని ముందే వచ్చి నిలబడ్డారు. లాంచీ రేవుకి ఆనింది. మా అమ్మాయి దిగింది, చంకలో బట్టల మూట. వెనకాల లావణ్య దిగింది. ఆ వెనక మిగతా పిల్లలు దిగారు. హైస్కూల్లో వాళ్లకి చోటిచ్చారు. నేను ఇంటికెళ్లి పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టించి, బియ్యం కొలవకుండా పోశాను.